తొమ్మిది అంగుళాల సంచి

ఫిబ్రవరి వచ్చిందంటే మా బడి వెనక మూడు కుప్పలు పడతాయి. ఒకటి అడవి మట్టి, ఒకటి మాగిన పశువుల ఎరువు, ఒకటి గెడ్డ ఇసుక. సాయంత్రం ఆటల గంటలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు జల్లెళ్ళు పట్టుకుని వాటి చుట్టూ చేరతారు. ఆ కుప్పల మధ్య లుంగీ మోకాళ్ళ పైకి ఎగగట్టుకుని ఒక మనిషి తిరుగుతూ ఉంటాడు. పిల్లలు ‘మావయ్యా’ అని పిలుస్తారు. వాడు నా తమ్ముడు. గంజాయి కేసులో 14 నెలలు విశాఖ జైల్లో ఉండి వచ్చాడు.

ఆ చివరి మాట రాయడానికి నాకు చాలా కాలం పట్టింది. మా ఏజెన్సీలో ఈ సంగతి అందరికీ తెలుసు. సంతలో గుసగుసగా మాట్లాడుకుంటారు, చావుకో పెళ్ళికో కలిసినప్పుడు ‘మీవాడు వచ్చాడా?’ అని అడుగుతారు. అడిగేవాళ్ళకూ ఇంట్లో ఒకడు ఉంటాడు. కాని కాగితం మీద పెట్టేది పేపరువాళ్ళే, అదీ ‘నిందితులు’ అని రెండు వరుసల్లో. నేను టీచర్‌ని, నాకు రాయడం వచ్చు. మా తమ్ముడి గురించి, వాడికి తెలిసిన మట్టి గురించి నేనే రాయాలి అనిపించింది.

మాది పాడేరు నుంచి చింతపల్లి వైపు వెళ్ళే దారిలో, రోడ్డు దిగి రెండు గెడ్డలు దాటితే వచ్చే గూడెం. కొండ వాలున అమ్మకు ఒక ఎకరం కాఫీ ఉంది. సిల్వర్ ఓక్ నీడ, ఆ చెట్లకు పాకిన మిరియం తీగలు. కింద మెట్టలో చోడి, సామ, కొంచెం పసుపు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. మట్టి చూడటం మాకు తాత నేర్పాడు.

తాత మట్టిని ముందు ముక్కుతో చూసేవాడు. చెట్టు కింద రాలిన ఆకులు చేత్తో పక్కకు తోసి, కింద నల్లగా ఉన్న పొరను నాలుగు వేళ్ళ లోతు మాత్రమే తీసేవాడు. ఇంకా తవ్వబోతే కోప్పడేవాడు. ‘పైనున్నది అడవి తిన్న అన్నం, కిందున్నది రాయి’ అనేవాడు. ఒకే చెట్టు కింద రెండుసార్లు తీయనిచ్చేవాడు కాదు. తీసిన చోట మళ్ళీ ఆకులు కప్పమనేవాడు. నాకు ఇదంతా ముసలాయన చాదస్తంలా ఉండేది. తమ్ముడు మాత్రం ఆయన వెనకే తిరిగేవాడు. పదేళ్ళు నిండకముందే వాడు పిడికెడు మట్టి పట్టుకుని ఏ వాలుదో, ఏ చెట్టు కిందదో చెప్పేవాడు.

మొదట్లో కాఫీ మొక్కలు మాకు పైనుంచే వచ్చేవి. కొన్నాళ్ళకు అమ్మవాళ్ళ పొదుపు సంఘం సొంతంగా నర్సరీ పెట్టుకుంది. కాఫీ బోర్డు వాళ్ళు వచ్చి మట్టి కలిపే లెక్క చెప్పారు. జల్లించిన అడవి మట్టి ఆరు తట్టలు, బాగా మాగిన పశువుల ఎరువు రెండు తట్టలు, సన్న ఇసుక ఒక తట్ట. అమ్మవాళ్ళు ఆ లెక్కను పాటలా కంఠస్థం చేశారు. తమ్ముడు కంఠస్థం చేయలేదు. ఒక్కొక్కటీ ఎందుకో కనుక్కున్నాడు.

మట్టి ఒక్కటే నింపితే నీళ్ళు పోసినకొద్దీ గట్టిపడి ఇటుక అవుతుంది, వేరు దూరదు. ఇసుక కలిస్తే గాలి, నీరు దిగడానికి దారి ఉంటుంది. ఇసుక ఎక్కువైతే పోసిన నీళ్ళు పోసినట్టే కారిపోతాయి. ఎరువు ఆకలి తీరుస్తుంది, తడి పట్టి ఉంచుతుంది. కాని పచ్చి పేడ కలిపితే మొక్క బతకదు. అది లోపల ఇంకా ఉడుకుతూ ఉంటుంది. ఆ వేడికి లేత వేరు మాడిపోతుంది, వేరుపురుగు కూడా దాంతోపాటే వస్తుంది. ఎరువు కుప్పలోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే ఇంకా ఆగాలి. పేడ వాసన పోయి, తొలకరి తడిసిన నేల వాసన వస్తే మాగినట్టు. ఇదీ తమ్ముడి పరీక్ష.

మూడూ కలిపాక ఇంకో పరీక్ష. కొంచెం తడిపి గుప్పిట బిగించాలి. చెయ్యి తెరిస్తే ముద్ద నిలవాలి, వేలితో తడితే విడిపోవాలి. నిలవకపోతే ఇసుక ఎక్కువ. విడిపోకపోతే బంక ఎక్కువ. ‘మట్టి మాట వినాలక్కా, అలాగని బానిసలా పడుండకూడదు’ అని నవ్వేవాడు.

తరువాత సంచి. కాఫీకి వాడేది తొమ్మిది అంగుళాల పొడవు, ఆరు అంగుళాల వెడల్పు ఉన్న 150 గేజు నల్ల ప్లాస్టిక్ సంచి. కింది సగంలో చిల్లులు ఉండాలి. చిల్లులు లేని సంచి బావి లాంటిది, నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. చవగ్గా వస్తుందని ఒక ఏడాది మా సంఘం చిన్న సంచులు కొంది. మొక్కలు మూడు నెలలు చక్కగా పెరిగాయి, ఆ తరువాత ఆగిపోయాయి. తమ్ముడు ఒక సంచి చింపి చూపించాడు. కిందికి దిగడానికి చోటు లేక వేరు అడుగున గుండ్రంగా, తాడు చుట్టలా తిరిగి ఉంది. అలాగని మరీ పెద్ద సంచీ పనికిరాదు. నిండు సంచి కిలోకు పైనే తూగుతుంది, కావిడి వేసుకుని కొండ ఎక్కేది మన భుజమే. ఎంత వేరుకు అంత ఇల్లు కావాలి, అంతే.

కాఫీ గింజలకు బూడిద పట్టించి నీడలో ఆరబెట్టి, డిసెంబరు, జనవరి నెలల్లో మడిలో నాటుతాం. చదునుగా ఉన్న వైపు కిందికి ఉండాలి. పైన పలచగా గడ్డి కప్పుతాం. సుమారు 45 రోజులకు మొలక లేస్తుంది. గింజనే టోపీలా నెత్తిన పెట్టుకుని లేస్తుంది కాబట్టి ఆ దశకు టోపీ అనే పేరు. అప్పుడే దాన్ని సంచిలోకి మార్చాలి. పుల్లతో నిలువుగా గుంత చేసి, వేరును నిటారుగా దించి, చుట్టూ మట్టి వేలితో అదమాలి. ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. తొందరలో మొలకను గుచ్చేస్తే లోపల వేరు మడతపడుతుంది. పైకి ఏమీ తెలియదు. ఆకులు వేస్తుంది, తోటలో నాటితే ఎదుగుతుంది కూడా. రెండు మూడేళ్ళు పోయి కాపు బరువు పడ్డాక పసుపెక్కి, ఎండకు వాడి, ఒరిగిపోతుంది. అప్పుడు పీకి చూస్తే వేరు వంకర కనిపిస్తుంది. తప్పు జరిగిన రోజు ఎవరికీ గుర్తు ఉండదు.

ఇంత తెలిసినవాడు బడిలో పదో తరగతి తప్పాడు. సాంఘిక శాస్త్రంలో నేలల పాఠం ఉంటుంది. ఒండ్రు నేలలు, నల్లరేగడి నేలలు, ఎర్ర నేలలు. ఒకసారి పరీక్షలో ‘మీ ప్రాంతపు నేలల గురించి రాయండి’ అన్న ప్రశ్నకు వాడు మా కొండ వాలు మట్టి గురించి రెండు పేజీలు రాశాడు. మాటలు సగం మా ఇంటి భాషలో ఉన్నాయి. సున్నా వచ్చింది. ఇంటికి తెచ్చి నాకు చూపించాడు. అప్పటికి నేను టీచర్ ట్రైనింగ్‌లో ఉన్నాను. ‘పుస్తకంలో ఉన్నది రాయాలి గదరా’ అన్నాను. వాడు ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మళ్ళీ ఎప్పుడూ నాకు కాగితం చూపించలేదు.

పందొమ్మిదో ఏట వాడి పనితనాన్ని మెచ్చుకున్న మనిషి ఒకడు వచ్చాడు. కింద మైదానం నుంచి మోటారు సైకిలు మీద వచ్చేవాడు. మా నర్సరీ చూసి, ఒక మొక్క సంచితో సహా చేతిలోకి తీసుకుని, ‘ఇంత బాగా నారు పెంచేవాడిని నేను చూడలేదు’ అన్నాడట. ఆ మాట తమ్ముడే నాకు చెప్పాడు, కళ్ళు మెరుస్తుండగా. వాడి చేతి పనిని అంతకుముందు అంత నిండుగా మెచ్చుకున్నవాళ్ళు తాత తరువాత ఎవరూ లేరు. బడి మెచ్చుకోలేదు, నేను మెచ్చుకోలేదు. మెచ్చుకున్నవాడు గంజాయి వ్యాపారి మనిషి.

ఆ ఏడాది మా పెరట్లో కొత్త సంచులు వచ్చాయి. ‘మిరియం నారు కోసం’ అన్నాడు. నేను నెలకోసారి ఇంటికి వెళ్ళేదాన్ని. అమ్మ చేతికి కొత్త గాజులు, ఇంటి మీద కొత్త రేకులు, తమ్ముడి చేతిలో ఫోను. మిరియం నారుకు ఇంత డబ్బు రాదని నాకు తెలుసు. నేను టీచర్ని, లెక్కలు వచ్చినదాన్ని. అయినా అడగలేదు. రేకులు పడ్డాక వానాకాలం ఇల్లు కారడం మానేసింది. కారని ఇంట్లో పడుకుని ఆ ప్రశ్న అడగడం నాకు చేతకాలేదు.

2021 చివర్లో పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ పేరుతో మా మన్యంలో వేల ఎకరాల గంజాయి తోటలు నరికించి తగలబెట్టించారు. కొన్ని ఊళ్ళలో జనమే కత్తులు పట్టుకుని సొంత తోటలు నరికారు. తమ్ముడు భయపడి నారు మానేశాడు. కాని అడ్వాన్సు తీసుకున్న డబ్బు మిగిలి ఉంది. ‘ఒక్కసారి మూట దింపి వచ్చెయ్, లెక్క తీరిపోతుంది’ అన్నారు. ఆ ఒక్కసారికే దొరికాడు. మూట పంపినవాడు దొరకలేదు, అందుకోవలసినవాడు దొరకలేదు. మోసినవాడు దొరికాడు.

చట్టం సంగతి నాకు అప్పుడే తెలిసింది. ఈ వ్యాసం చదివే కుర్రాళ్ళకు ముందే తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. 1985లో వచ్చిన మాదక ద్రవ్యాల చట్టం ఇది. గంజాయి మొక్క పెంచడం ఒక్కటే చేసినా 10 ఏళ్ళ దాకా శిక్ష పడవచ్చు. మూట 20 కిలోలు దాటితే వాణిజ్య పరిమాణం కింద లెక్క. శిక్ష 10 ఏళ్ళ నుంచి మొదలై 20 ఏళ్ళ దాకా పోతుంది, లక్షకు తగ్గని జరిమానా కూడా. బెయిలు మామూలు కేసుల్లోలా రాదు. నేరం చేయలేదని నమ్మడానికి కారణాలు కోర్టుకు కనిపించాలి. మూట నీదా, పరాయివాడిదా అన్న వాదన తరువాత సంగతి. ముందు అది ఎవరి దగ్గర దొరికిందన్నదే చూస్తారు. అడ్వాన్సు ఇచ్చేవాడికి ఇవన్నీ తెలుసు. అందుకే మూట వాడు మోయడు.

మొదటి ములాఖత్‌కు అమ్మను తీసుకుని వెళ్ళాను. గూడెం నుంచి తెల్లవారుజామున బయలుదేరితే జైలు దగ్గరకు చేరేసరికి మధ్యాహ్నం. మాట్లాడటానికి కొద్ది నిమిషాలు. అమ్మ ఏడుస్తూనే ఉంది. వాడు నా వైపు తిరిగి, ‘అక్కా, రెండో మడిలో సంచులకు నీళ్ళు పెడుతున్నారా? ఎండలు ముదురుతున్నాయి, పైన ఇంకో వరుస ఆకులు కప్పండి’ అన్నాడు. కాఫీ సంచుల గురించి. వాడు పట్టుబడేముందు అమ్మవాళ్ళ సంఘం కోసం 600 సంచులు నింపి పెట్టాడు. నేను ‘పెడుతున్నాం’ అన్నాను. అబద్ధం. ఇంటికి వచ్చిన రాత్రే టార్చిలైటు పట్టుకుని గెడ్డకు వెళ్ళి నీళ్ళు మోశాను. సగం అప్పటికే ఎండిపోయాయి. మిగిలిన సగాన్ని అమ్మ, నేను, పక్కింటి పెద్దమ్మ బతికించాం. ఆ మొక్కలే ఇవాళ అమ్మ తోట పైవాలున ఉన్నాయి.

హైకోర్టులో బెయిలు వచ్చి తమ్ముడు ఇంటికి చేరాక కొన్ని నెలలు గుమ్మం దాటలేదు. పనికి ఎవరూ పిలవలేదు. పాత మనుషులు మాత్రం పిలిచారు. వాళ్ళు ఎప్పుడూ పిలుస్తారు. ఆ పిలుపు కంటే ముందు ఇంకో పిలుపు వెళ్ళాలని నాకు భయం పట్టుకుంది. మా బడిలో నర్సరీ పెడదామని హెచ్.ఎం. గారిని అడిగాను. నేర్పడానికి ఎవరున్నారు అంటే తమ్ముడి పేరు చెప్పాను. కేసు సంగతీ చెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, ‘మీరు పక్కన ఉంటేనే, సాయంత్రం ఒక గంటే’ అన్నారు. తల్లిదండ్రుల సమావేశంలో ఒక తండ్రి లేచి, ‘గంజాయి కేసువాడిని పిల్లల మధ్య ఎలా పెడతారు?’ అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే. తమ్ముడు వెనక వరుసలో నిలబడి ఉన్నాడు. వాడే జవాబిచ్చాడు. ‘మీ పిల్లలకు నేను మట్టి కలపడం ఒక్కటే చెప్పను. నేనెలా దొరికిపోయానో కూడా చెబుతాను’ అన్నాడు. ఆ తండ్రి కూర్చున్నాడు. ఒప్పుకున్నాడని అనను. పిల్లవాడిని మాత్రం మాన్పించలేదు.

వాడు చెప్పే పాఠం చూస్తూ నేను కొత్తగా నేర్చుకుంటున్నాను. పిల్లలకు ముందు సంచులు ఇవ్వడు. వెదురు బొంగు కణుపు కింద కోసి ఇస్తాడు, అడుగున సన్న చిల్లు పెట్టిస్తాడు. అడ్డాకులతో దొప్ప కుట్టిస్తాడు. పగిలిన కుండ, సొరబుర్ర, నూనె డబ్బా, నల్ల సంచి అన్నీ వరుసగా పెట్టి ఒకే మట్టి నింపిస్తాడు. ఒకే కొలత నీళ్ళు పోయించి, ఏది ఎంతసేపు తడి పట్టి ఉంచిందో రాసుకోమంటాడు. కుండ గోడ నీళ్ళు తాగేస్తుంది, ఎండాకాలం రెండుసార్లు తడపాలి. అడ్డాకు దొప్ప చిక్కుడు, బీర నారుకు చాలు, మొక్కతో పాటే నాటేస్తే మట్టిలో కలిసిపోతుంది. కాఫీకి చాలదు, ముందే చిరుగుతుంది. వెదురు బొంగు మంచిదే కాని నాటేటప్పుడు చీల్చడం తెలియాలి. ప్లాస్టిక్ సంచి పనికి బాగుంటుంది, అడవికి బాగుండదు. అందుకే నాటే రోజు అడుగున అంగుళం మేర కోసి, చుట్టుకున్న వేరు తీసేసి, ఖాళీ సంచులు లెక్కపెట్టి వెనక్కి తెమ్మంటాడు. ఎన్ని మొక్కలు వెళ్ళాయో అన్ని సంచులు తిరిగి రావాలి. ఈ లెక్క దగ్గర వాడు ఎవరినీ వదలడు.

పోయిన ఏడాది ఒక ఎనిమిదో తరగతి పిల్లవాడు అడిగాడు. ‘మావయ్యా, కాఫీ ఎన్నాళ్ళకు డబ్బిస్తుంది?’ తమ్ముడు దాచలేదు. ‘మూడు నాలుగేళ్ళు పడుతుంది. గంజాయి ఆరు నెలల్లో ఇస్తుంది. నేను ఆ ఆరు నెలలే లెక్క వేశాను. తరువాత వచ్చిన 14 నెలలు లెక్క వేయలేదు. లాయరుకు ఇచ్చింది వేయలేదు. అమ్మ అమ్మిన ఎద్దుల్ని వేయలేదు. ఇంకా తిరుగుతున్న వాయిదాల్ని వేయలేదు’ అన్నాడు. ఆ నాలుగేళ్ళూ తినడానికి ఏమిటని పిల్లవాడు మళ్ళీ అడిగాడు. రాజ్మా, అల్లం, పసుపు, పిప్పలి అని చెప్పాడు. ‘అవి గంజాయంత ఇవ్వవు. ఇస్తాయని చెబితే నేను అబద్ధం చెప్పినట్టు’ అని కూడా అన్నాడు. 2019లో అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందని నేను పాఠంలో గర్వంగా చెబుతాను. ఆ గుర్తింపు మంచిదే. కాని ఆ పిల్లవాడి ప్రశ్నకు అది ఒక్కటే జవాబు కాదు. కాఫీ కాపుకు వచ్చేదాకా గిరిజన కుటుంబం ఎలా నిలబడాలన్నది మేమంతా, ప్రభుత్వంతో సహా, ఇంకా జవాబు చెప్పవలసిన ప్రశ్న.

తోటి టీచర్లకు ఒక మాట. మన తరగతిలో వెనక బెంచీలో కూర్చునే పిల్లవాడికి ఏ కొండ మట్టి ఏ గింజకు పనికొస్తుందో తెలిసి ఉండవచ్చు. ఏ చెట్టు బెరడు ఏ నొప్పికో, ఏ గెడ్డ ఏ నెలలో ఎండుతుందో తెలిసి ఉండవచ్చు. అది చదువు కాదని మనం అంటే వాడు నమ్ముతాడు. చదువే అని ఇంకెవరో వచ్చి చెబితే వాడి వెనక వెళతాడు. మనకంటే ముందు వచ్చి ఆ మాట చెప్పేవాడు మంచివాడే అయి ఉండాలని ఏమీ లేదు. నా తమ్ముడు చేసిన తప్పు వాడిదే. దాన్ని బడి మీదికి తోయను. కాని ఆ సున్నా కాగితం నాకు చూపించిన రోజు నేను ఇంకో మాట అని ఉండవలసింది. అప్పుడు మడతపడ్డ వేరు నాకు పైకి కనిపించలేదు.

ఇది రాస్తున్న ఈ వారం తమ్ముడికి విశాఖలో వాయిదా ఉంది. కేసు ఇంకా నడుస్తోంది, ఎటు తేలుతుందో ఎవరం చెప్పలేం. నిన్న సాయంత్రం వాడు పిల్లలతో 400 సంచులు నింపించాడు. వెళ్ళేముందు వరుసల మధ్య నడుస్తూ ఒక్కో సంచినీ వేలితో నొక్కి చూశాడు. వదులుగా ఉన్నవి వేరు చేసి పక్కన పెట్టాడు. ఎనిమిదో తరగతి లీడరు పిల్లను పిలిచి, ‘నేను రెండు రోజులు ఉండను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపాలి. నీళ్ళు ధారగా పొయ్యొద్దు, చేత్తో చల్లాలి’ అని అప్పగించాడు. ఆ పిల్ల తన నోటు పుస్తకంలో రాసుకుంది. పైన తేదీ వేసి, శీర్షికగా ‘మట్టి పాఠం’ అని పెట్టింది. ఆ పుస్తకం ఇవాళ దిద్దడానికి నా బల్ల మీదికి వచ్చింది. సగం మాటలు ఇంటి భాషలో ఉన్నాయి. నేను టిక్కు పెట్టాను.